ఒక్క రాత్రిలో పుట్టని 'మ్యూరల్': పొలాక్ ఇరవై అడుగుల బొమ్మ వెనక ఎవరెవరున్నారు?

అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ అనగానే చాలామందికి నేల మీద పరిచిన కాన్వాస్, దాని చుట్టూ తిరుగుతూ డబ్బాలోంచి రంగును ధారగా వదిలే మనిషి గుర్తొస్తాడు. అందుకే 1943లో అతను వేసిన 'మ్యూరల్' దగ్గరకు వచ్చేసరికి అంతా కలగాపులగం అయిపోతుంది. ఈ బొమ్మ నేల మీద పరిచి వేసింది కాదు. పేరులో కుడ్యచిత్రం అని ఉన్నా గోడ మీద వేసిందీ కాదు. ఒక్క రాత్రిలో పూర్తి చేశాడని దశాబ్దాల పాటు చెప్పుకున్న కథ ల్యాబ్ పరీక్షకు నిలవలేదు. ఇక దీని మీద ఎవరి ప్రభావం ఉందని అడిగితే జవాబులకు కొదవ లేదు. ఒకరు మెక్సికో అంటారు, ఒకరు పికాసో అంటారు, ఇంకొకరు అమెరికా ఆదివాసులైన నవాహోల ఇసుక బొమ్మలంటారు, మరొకరు ఫొటోగ్రఫీ అంటారు. 

ఇన్ని మాటల్లో దేనికి ఎంత ఆధారం ఉందో విడదీసి చూస్తే చిక్కు చాలావరకు వీడుతుంది. ఆధారాలన్నీ ఒకే బరువువి కావు. అప్పట్లో రాసిన ఉత్తరం ఒక రకం. రంగు పొరల్లో దొరికే సాక్ష్యం ఇంకో రకం. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో గుర్తు చేసుకుని చెప్పిన మాట వేరు. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి 'చూడండి, ఎంత పోలికో' అనడం వేరు.

ముందు బొమ్మను చూద్దాం

ఎత్తు దాదాపు ఎనిమిది అడుగులు, పొడవు ఇరవై. మీటర్లలో చెబితే సుమారు 2.4, 6. ఎదురుగా నిలబడితే మొదట పట్టేసేవి ముదురు గోధుమ, నలుపు కలిసిన నిలువు గీతలు. నిలువు అన్నమాటే గానీ తిన్నగా ఉండవు. నడుము దగ్గర వంగి, కిందికి వచ్చేసరికి కాలు చాచినట్టు సాగుతాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇంచుమించు ఒకే ఎడంతో మళ్లీ మళ్లీ వస్తాయి. వాటి సందుల్లో పసుపు, నీలిపచ్చ, గులాబీ, ఎరుపు రంగుల సుళ్లు. అక్కడక్కడా తెల్లటి రంగు అడ్డొచ్చి కింది గీతల్ని సగం మింగేసి ఉంటుంది.

మధ్యలో ముఖ్యపాత్ర, వెనక ఆకాశం, కింద నేల లాంటి అమరిక ఇందులో కనిపించదు. ఏ మూల చూసినా అంతే ఒత్తిడి, అంతే సందడి. ఇలా కాన్వాస్ మొత్తానికి సమానంగా ప్రాధాన్యం ఇవ్వడాన్నే విమర్శకులు 'ఆల్ ఓవర్' పద్ధతి అంటారు.

రెండు మాటలకు అర్థం ఇక్కడే చెప్పుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు. చూసింది చూసినట్టు వేయకుండా గీత, రంగు, ఆకారాలతోనే బొమ్మ కట్టడం నైరూప్య కళ. బయటి ప్రపంచం కన్నా లోపలి ఉద్వేగానికి పెద్దపీట వేసి, అందుకోసం రూపాన్ని వంచడానికైనా వెనకాడకపోవడం ఎక్స్‌ప్రెషనిజం. ఈ రెంటినీ కలిపి 1940ల న్యూయార్క్ చిత్రకారులకు 'అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం' అన్న పేరు తగిలించింది రాబర్ట్ కోట్స్ అనే విమర్శకుడు, 1946లో, అదీ హాన్స్ హాఫ్‌మన్ అనే మరో చిత్రకారుడి గురించి రాస్తూ. అంటే 'మ్యూరల్' వేసేనాటికి ఆ బృందానికి ఈ పేరే లేదు. 'ఫలానా వాదం సూత్రాల ప్రకారం వేశాడు' అనే వాక్యాలు చదివినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మ్యూజియంలో చిన్న ఉద్యోగి, కళాభిమాని ఇంటి హాలు

1943 మొదట్లో పొలాక్‌కు ముప్పై ఒకటో ఏడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో నిరుద్యోగ కళాకారులకు జీతాలిచ్చిన ప్రభుత్వ పథకం మూతపడింది. పొట్టకూటి కోసం న్యూయార్క్‌లోని నాన్ ఆబ్జెక్టివ్ పెయింటింగ్ మ్యూజియంలో చిన్నాచితకా పనులకు కుదిరాడు. ఆ మ్యూజియం సోలమన్ గుగెన్‌హైమ్‌ది. అతని తమ్ముడి కూతురు పెగ్గీ గుగెన్‌హైమ్ 1942 అక్టోబరులో 'ఆర్ట్ ఆఫ్ దిస్ సెంచరీ' అనే గ్యాలరీ తెరిచింది. 

పొలాక్ బొమ్మలు ఆమెకు మొదట్లో పెద్దగా నచ్చలేదు. 1943 వసంతంలో యువ చిత్రకారుల ప్రదర్శన కోసం బొమ్మలు ఎంపిక చేస్తున్నప్పుడు, జ్యూరీలో ఉన్న పీట్ మోండ్రియాన్ ఒక పొలాక్ బొమ్మ ముందు చాలాసేపు ఆగి, ఈమధ్య అమెరికాలో తాను చూసినవాటిలో ఆసక్తికరమైంది ఇదేనన్నట్టు మాట్లాడాడట. నిలువు, అడ్డం గీతల మధ్య మూడు మూలరంగులతో లెక్కగా బొమ్మలు కట్టే మోండ్రియాన్, ఈ చిందరవందర కుర్రవాణ్ని మెచ్చుకోవడం విచిత్రమే. పెగ్గీ మనసు మాత్రం మారింది. జులైలో ఒప్పందం కుదిరింది: ఏడాది పాటు నెలకు 150 డాలర్లు, నవంబరులో సోలో ప్రదర్శన, పెగ్గీ కొత్త ఇంటి ముందు హాలుకు ఒక పెద్ద బొమ్మ.

హాలు గోడ మీదే వేయొచ్చు కదా అంటే, ఇల్లు అద్దెది. వదిలి వెళ్లిపోయేటప్పుడు బొమ్మను తీసుకెళ్లే వీలుండాలి, కాన్వాస్ మీద వేయించమని ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డుషాం సలహా ఇచ్చాడు. ఈ బొమ్మ ఇవాళ మనం చూడగలుగుతున్నామంటే ఆ సలహా పుణ్యమే.

ఆ నెలాఖరులోనే పొలాక్ తన సోదరుడు చార్లెస్‌కు రాసిన ఉత్తరం ఉంది. పెద్ద బొమ్మ పని దొరికిందనీ, ఏం వేయాలో ఎలా వేయాలో షరతులేవీ లేవనీ, కాన్వాస్ పట్టడానికి ఫ్లాట్‌లో రెండు గదుల మధ్య అడ్డుగోడ పీకేయాల్సి వచ్చిందనీ అందులో ఉంది. షరతుల్లేవన్న మాట ముఖ్యం. ఇందులోని ఎంపికలన్నీ అతనివే.

ఒక్క రాత్రి కథకు ల్యాబ్ చెప్పిన జవాబు

అందరికీ తెలిసిన కథ ఇది. ఖాళీ కాన్వాస్ ముందు వారాలు, నెలలు చేతులు ముడుచుకు కూర్చున్న పొలాక్, గడువు మీద పడేసరికి ఒక రాత్రి పూనకం వచ్చినట్టు లేచి తెల్లారేసరికి మొత్తం ముగించాడు. ఆ తర్వాత పెగ్గీ ఇంటికి తీసుకెళ్తే బొమ్మ గోడ కన్నా ఎనిమిది అంగుళాలు పొడుగు తేలింది. డుషాం కత్తెర పట్టి ఒక చివర కత్తిరించాడు. నైరూప్య బొమ్మే కదా, పోయేదేముంది అన్నాడని కూడా చెప్పుకుంటారు. మొదటి భాగం ఎవరో పుట్టించిన పుకారు కాదు. పొలాక్ భార్య లీ క్రాస్నర్, పెగ్గీ ఇద్దరూ ఇంచుమించు ఇలాగే చెప్పారు. ప్రత్యక్ష సాక్షులు చెప్పింది కాబట్టి పుస్తకాలకెక్కింది, సినిమాకూ ఎక్కింది.

అయితే 1944 జనవరిలో మరో సోదరుడికి రాసిన ఉత్తరంలో పొలాక్ ఆ బొమ్మను వేసవిలో వేశానన్నాడు. ఆ ఒక్క మాటతో సాక్షుల కథకు బీట పడింది.

2012లో బొమ్మ లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ అనే కళా సంస్థకు చేరింది. పాత బొమ్మలను బాగుచేసే కన్సర్వేటర్లు, శాస్త్రవేత్తలు కలిసి దాదాపు రెండేళ్లు పరీక్షించారు. ఆయిల్ పెయింట్ ఆరడానికి రోజులు పడుతుంది, పొర మందంగా ఉంటే వారాలు కూడా. తడి రంగు మీద మరో తడి రంగు వేస్తే అంచుల దగ్గర ఒకదాంట్లోకి ఒకటి పాకుతాయి. ఆరిన రంగు మీద వేస్తే పొరల మధ్య గీత గీసినట్టు తేడా ఉంటుంది. ఆవగింజలో సగం లేని రంగు ముక్కను తీసి అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే ఈ తేడా తెలిసిపోతుంది. 'మ్యూరల్'లో చాలాచోట్ల పై రంగు వేసేసరికి కింది రంగు ఆరిపోయి ఉంది. అంటే మధ్యలో రోజులో వారాలో గడిచాయి.

అలాగని ఆ కథ పూర్తిగా కల్పన అనీ చెప్పలేం. అన్నింటికన్నా కింద, బాగా పలచన చేసిన నాలుగు రంగులు దొరికాయి: నిమ్మపసుపు, నీలిపచ్చ, ఎరుపు, గోధుమ. ఇవి మాత్రం తడి మీద తడిగా, ఒకదాన్నొకటి తాకుతూ పరుగెత్తాయి. ఈ తొలి పొర ఒకే ఊపులో, ఒకే పూటలో పడి ఉండొచ్చని పరిశోధకుల అంచనా. ఖాళీ కాన్వాస్ రాత్రికి రాత్రి నిండిపోవడం క్రాస్నర్ నిజంగానే చూసి ఉండొచ్చు. ఆ తర్వాత వారాల తరబడి జరిగిన దిద్దుబాటు కథలో ఇమడలేదు. పూనకం గుర్తుంటుంది, మరమ్మతు ఎవరికి గుర్తుంటుంది!

కత్తెర కథకు ఈపాటి అదృష్టం కూడా లేదు. కాన్వాస్ నాలుగు వైపులా అసలు అంచులు భద్రంగా ఉన్నాయి. ఎవరూ ఏమీ కోయలేదు.

రంగుల విషయంలోనూ ఒక అపోహ తొలగింది. ఇళ్లకు వేసే పెయింట్‌తో బొమ్మంతా లాగించాడన్న ప్రచారం ఉండేది. పరీక్షలో దాదాపు అంతా చిత్రకారులు వాడే ఆయిల్ రంగులే తేలాయి. ఒక్క తెలుపు మాత్రం వేరు. అది నీళ్లతో కలిపే చవకరకం ఇంటి పెయింట్, పాలలోని కేసీన్‌తో చేసింది. దాన్ని అతను చివర్లో, గీతల మధ్య ఖాళీలను తిరిగి తెరవడానికి వాడాడు. అంటే అప్పటికి బొమ్మ మరీ కిక్కిరిసిపోయిందని అతనికే అనిపించి ఉండాలి. గులాబీ రంగు చారల్లో కొన్నిటిని కుంచెతో కాకుండా, నిలబెట్టిన కాన్వాస్ మీదికి విసిరి వేశాడని కూడా తేలింది. తర్వాతి కాలపు ధారలకు ఇది తొలి అడుగు అనుకోవచ్చు.

బెంటన్: శిష్యుడు కాదన్నా కనిపించే గురువు

ప్రభావాల లెక్క ఇక్కడి నుంచి మొదలుపెట్టడం నాకు సబబుగా తోస్తుంది, ఎందుకంటే ఇక్కడ పత్రాలూ ఉన్నాయి, బొమ్మలోనూ కనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ల పొలాక్ 1930లో న్యూయార్క్ వచ్చి ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో థామస్ హార్ట్ బెంటన్ క్లాసులో చేరాడు. బెంటన్ అమెరికా పల్లెలు, రైతులు, కార్మికులు, రైళ్లు వేసే చిత్రకారుడు. నైరూప్య కళంటే ఒంటికి పడదు. ఆ రోజుల్లోనే బెంటన్ 'అమెరికా టుడే' అనే భారీ కుడ్యచిత్రం వేస్తుంటే పొలాక్ మోడల్‌గా నిలబడ్డాడు కూడా.

1920లలో బెంటన్ బొమ్మ కట్టే తీరు మీద వరసగా వ్యాసాలు రాశాడు. వాటిలోని రేఖాపటాల్లో అసలు సూత్రం ఇది: ముందు కొన్ని నిలువు కంబాలు ఊహించుకో. వాటి చుట్టూ ఆకారాలను ఒకటి ఇటు వంపుతో, ఇంకొకటి అటు వంపుతో తిప్పు. ఒక మిట్ట ఉంటే దానికి ఎదురుగా ఒక పల్లం ఉండాలి. మన మెలికల ముగ్గులో చుక్కలు ముందు పెట్టి, గీతను వాటి చుట్టూ తిప్పుకుంటూ వెళ్తాం కదా, చూసేవాళ్ల కంటికి పట్టేది మెలిక, పట్టి నిలబెట్టేది చుక్క. బెంటన్ కంబాలు చేసే పని అదే.

ఇప్పుడు 'మ్యూరల్' ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి చూస్తే, పసుపూ గులాబీ గోల తగ్గి, ముదురు నిలువు గీతలు వరసగా మిగులుతాయి. ఒక్కో దాని చుట్టూ వంపులు, ఎదురు వంపులు. ఇరవై అడుగుల పొడవునా లయ చెదరకుండా ఎలా నిలిచిందన్న ప్రశ్నకు ఇది సూటి జవాబు. బెంటన్ కంబాల మీద రైతులను, కార్మికులను నిలబెట్టేవాడు. పొలాక్ మనుషులను దాదాపు తీసేసి పద్ధతిని ఉంచుకున్నాడు.

మరి పొలాక్ ఏమన్నాడు? 1944లో ఒక ఇంటర్వ్యూలో, బెంటన్ దగ్గర నేర్చుకోవడం తర్వాత గట్టిగా ఎదురు తిరగడానికి పనికొచ్చిందన్న అర్థంలో మాట్లాడాడు. కొంతమంది పండితులు ఈ మాటను యథాతథంగా తీసుకుని బెంటన్‌ను పక్కన పెట్టారు. హెన్రీ ఆడమ్స్ లాంటివాళ్లు అందుకు ఒప్పుకోరు: గురువు విషయాన్ని తిరస్కరించాడు గానీ విద్యను తిరస్కరించలేదంటారు. నాకైతే రెండో వాదనే బలంగా అనిపిస్తుంది. ఎదురు తిరిగిన మాట నిజమే కావచ్చు, కానీ చేతికి అలవాటైన లయ అంత తేలిగ్గా పోదు.

మెక్సికో చిత్రకారులు ఇచ్చింది కొలతా, ధైర్యమూ

1920, 30లలో మెక్సికో చిత్రకారులు ప్రభుత్వ భవనాల గోడలను చరిత్రతో, విప్లవంతో నింపేశారు. వాళ్లలో హోసే క్లెమెంటే ఒరోస్కో 1930లో కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీ భోజనశాలలో 'ప్రొమీథియస్' వేశాడు. పొలాక్ దాన్ని ఆ ఏడే చూశాడు. ఉత్తర అమెరికాలోకెల్లా గొప్ప చిత్రం అదేనని తర్వాతా అంటుండేవాడు. డార్ట్‌మత్ కాలేజీ లైబ్రరీలో ఒరోస్కో వేసిన మరో భారీ చిత్రమాలను చూడ్డానికి 1936లో పనిగట్టుకుని స్నేహితులతో వెళ్లాడు. అదే ఏడాది డేవిడ్ అల్ఫారో సికేరోస్ న్యూయార్క్‌లో ఒక ప్రయోగ వర్క్‌షాప్ పెట్టాడు. కార్లకు వేసే లక్క రంగులు, స్ప్రే గన్, రంగును పోయడం, చిమ్మడం, ఏం జరుగుతుందో చూడ్డం, ఇదంతా అక్కడ నడిచింది. పొలాక్ అందులో పాల్గొన్నాడు.

ఇక్కడ చాలా రచనలు తొందరపడతాయి. సికేరోస్ దగ్గర రంగు చిమ్మడం చూశాడు, కాబట్టి 'మ్యూరల్' అక్కడి నుంచే వచ్చిందని ముక్తాయిస్తాయి. 'మ్యూరల్' చాలావరకు కుంచె పని. సికేరోస్ వర్క్‌షాప్ టెక్నిక్ పూర్తిగా బయటపడేది 1947 తర్వాతి ధారల బొమ్మల్లో. 1943 నాటికి మెక్సికో నుంచి అందింది గోడంత బొమ్మ వేయాలన్న ఆశ, వేయగలనన్న ధైర్యం. ఒరోస్కో నుంచి అదనంగా, మంటల్లా పైకి లేచే ఒళ్లు, బిగిసిన గీతలు.

ఒక సంగతి మాత్రం గమ్మత్తుగా ఉంటుంది. గోడ మీద బొమ్మ అందరి సొత్తు, డ్రాయింగ్ రూములో వేలాడే కాన్వాస్ ధనికుల సొత్తు అన్నది సికేరోస్ వాళ్ల నమ్మకం. ఆ గోడబొమ్మ కొలత పొలాక్ చేతిలో పడి చేరింది ఒక గుగెన్‌హైమ్ ఇంటి ముందు హాలుకి.

'గ్వెర్నికా' పక్కన పెట్టి చూస్తే

స్పెయిన్‌లోని గ్వెర్నికా ఊరి మీద జరిగిన బాంబుదాడి గురించి పికాసో వేసిన 'గ్వెర్నికా' 1939 మే నెలలో న్యూయార్క్‌లోని ఒక గ్యాలరీకి వచ్చింది, ఆ తర్వాత ఆధునిక కళా మ్యూజియంలో నిలిచింది. పొలాక్ దాన్ని మళ్లీ మళ్లీ వెళ్లి చూశాడు. 1939 నుంచి అతని స్కెచ్‌లలో పికాసో గుర్రాలు, ఎద్దులు, విరిగిన ముఖాలు ఎన్నో. 'ఆ మనిషి దేన్నీ వదల్లేదు' అని పికాసో మీద మండిపడేవాడని క్రాస్నర్ చెప్పింది. కాబట్టి సంబంధం ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు, ఎలాంటి సంబంధం అన్నదే ప్రశ్న.

'గ్వెర్నికా' దాదాపు 3.5 మీటర్ల ఎత్తు, 7.8 మీటర్ల పొడవు. రెండూ అడ్డంగా సాగే బొమ్మలు, రెండింటిలోనూ ఉక్కిరిబిక్కిరి చేసే కదలిక. కానీ 'గ్వెర్నికా'కు నడుమ ఒక పెద్ద త్రికోణం వెన్నెముకలా ఉంటుంది. దీపం దగ్గర శిఖరం, రెండు వైపులా వాలు. గుర్రం గుర్రంగానే తెలుస్తుంది, బిడ్డను పోగొట్టుకున్న తల్లి తల్లిగానే తెలుస్తుంది. రంగంతా నలుపు, తెలుపు, బూడిద. 'మ్యూరల్'లో శిఖరమూ లేదు, కేంద్రమూ లేదు, ఏడ్చే తల్లి లేదు. పికాసో పెట్టిన పందాన్ని పికాసో దారిలో వెళ్లి గెలవలేనని పొలాక్‌కు తెలిసినట్టుంది. కొలతలో దీటుగా నిలబడి, కూర్పులో పూర్తిగా పక్కకు తప్పుకున్నాడు.

ఇసుక బొమ్మలు, అచేతన మనసు

1941లో ఆధునిక కళా మ్యూజియంలో అమెరికా ఆదివాసుల కళ మీద పెద్ద ప్రదర్శన జరిగింది. నవాహో కళాకారులు అక్కడే కూర్చుని రంగుల ఇసుకను వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ నేల మీద బొమ్మలు వేసి చూపించారు. పొలాక్ చూశాడు. కొన్నేళ్లకు, నేల మీద పరిచి వేయడం తనకు హాయిగా ఉంటుందనీ, పశ్చిమాన ఇసుక చిత్రకారుల పద్ధతికి అది దగ్గరదనీ తనే రాశాడు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి? అయితే అది 1947 నాటి పద్ధతి గురించి చెప్పిన మాట. నిలబెట్టి కుంచెతో వేసిన 'మ్యూరల్'కు దాన్ని అతికించడం కుదరదు. ప్రభావం నిజమే, తేదీ తప్పు.

మనస్తత్వం వైపు సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. తాగుడు సమస్యతో పొలాక్ 1939 నుంచి అచేతన మనసు మీద సిద్ధాంతాలు చెప్పిన మనోవైద్యుడు యూంగ్ సంప్రదాయానికి చెందిన వైద్యుల దగ్గర చికిత్స పొందాడు, వాళ్లకు తన స్కెచ్‌లు చూపించేవాడు. యుద్ధం వల్ల న్యూయార్క్ చేరిన సర్రియలిస్టుల (కలలకు, అచేతన మనసుకు రూపమిచ్చే కళాకారుల) దగ్గర, ముఖ్యంగా చిలీ చిత్రకారుడు మట్టా దగ్గర, ముందస్తు ఆలోచన లేకుండా చెయ్యి ఎటు పోతే అటు గీయనిచ్చే అభ్యాసం తెలిసింది. గెట్టీ చూపించిన ఆ పలచని తొలి పొర ఈ అభ్యాసానికి దగ్గరగానే ఉంది. పైన ఆరిన పొరల మీద పొరలుగా సాగిన దిద్దుబాటుకు మాత్రం ఈ వాదం సరిపోదు. ఇక ఫలానా గీత ఫలానా ఆదిరూపమని (మనుషులందరి అచేతనలో ఉంటుందని యూంగ్ చెప్పిన మూల బింబమని) చెప్పే పుస్తకాలున్నాయి. వాటిలో చాలావాటిని నమ్మడానికీ ఖండించడానికీ కూడా ఆధారం ఉండదు, అదే వాటితో చిక్కు.

క్రాస్నర్ పేరు ఈ జాబితాల్లో చివర్లో, లేదా అసలు లేకుండా, ఎందుకు ఉంటుందో నాకు అర్థం కాదు. ఆమె హాఫ్‌మన్ దగ్గర క్యూబిజం (రూపాన్ని పలకలుగా విడగొట్టి వేసే పద్ధతి) క్షుణ్నంగా చదువుకున్న చిత్రకారిణి. న్యూయార్క్ ఆధునిక బృందంలో పొలాక్ కన్నా ఆమెకే పరిచయాలు ఎక్కువ. కాన్వాస్ నిలబెట్టిన ఆ ఫ్లాట్‌లో అతనితో కలిసి ఉన్నదీ ఆమే.

గుర్రాల మందా, దాచిన పేరా, కదిలే ఫొటోనా

పొలాక్ వయోమింగ్ రాష్ట్రంలో పుట్టి, పశ్చిమ రాష్ట్రాల్లో పెరిగాడు. ఈ బొమ్మకు మూలం పశ్చిమ అమెరికా జంతువులన్నీ, ఆవులు, గుర్రాలు, జింకలు, అడవిదున్నలు, కట్టకట్టుకుని పరుగెత్తే దృశ్యమని అతను అన్నట్టు ఒక స్నేహితుడు చాలాకాలం తర్వాత చెప్పాడు. బొమ్మ చూస్తే నమ్మాలనే అనిపిస్తుంది. కానీ అది నోటి మాట, అదీ ఆలస్యంగా వచ్చింది.

డేవిడ్ అన్‌ఫామ్ అనే కళాచరిత్రకారుడు ఫొటోగ్రఫీని ముందుకు తెచ్చాడు. ఒకే ఫ్రేములో నడిచే మనిషి అడుగులన్నీ వరసగా పట్టే ఫొటోలు అప్పట్లో కొత్త మోజు. 1943లో ఆధునిక కళా మ్యూజియం కదలికను పట్టే ఫొటోల మీదే ఒక ప్రదర్శన పెట్టింది. అలాంటి ప్రయోగాలు చేసిన హెర్బర్ట్ మాటర్ పొలాక్ దంపతులకు మంచి స్నేహితుడు. కాలం సరిపోయింది, పరిచయం సరిపోయింది, ఆ వంగిన నిలువు గీతలు ఒకే నడకలోని అడుగుల్లా కనిపిస్తాయన్నదీ నిజం. ఉత్తరంలోనో డైరీలోనో ఒక్క మాట దొరికితే కేసు గెలిచినట్టే. ప్రస్తుతానికి ఇది మంచి ఊహ.

ముందు చెప్పుకున్న హెన్రీ ఆడమ్స్ మరో అడుగు వేసి, బొమ్మంతా అడ్డంగా 'జాక్సన్ పొలాక్' అన్న అక్షరాలే దాగి ఉన్నాయన్నాడు. ఒకసారి చెప్పాక కొందరికి కనిపిస్తాయి, కొందరికి ఎంత చూసినా కనిపించవు. వంపులు ఇన్ని ఉన్న బొమ్మలో వెతికితే ఏ పేరైనా దొరుకుతుందన్నది ఎదుటివాళ్ల అభ్యంతరం. ఒకే మనిషి బెంటన్ విషయంలో గట్టి వాదన, అక్షరాల విషయంలో పలచని వాదన చేయొచ్చు. రెంటినీ ఒకే గాటన కట్టనక్కర్లేదు.

ఇద్దరు విమర్శకులు, రెండు వ్యాఖ్యానాలు

పొలాక్‌ను ఆకాశానికెత్తిన క్లెమెంట్ గ్రీన్‌బర్గ్‌కు 'మ్యూరల్' చూడగానే ఇతను గొప్పవాడన్న నమ్మకం కుదిరిందట. అతని వాదన రూపానికి సంబంధించింది. కిటికీలోంచి దృశ్యం చూసినట్టు ఉండే ఈజిల్ బొమ్మ కాలం తీరుతోంది, లోతు లేకుండా పరుచుకునే, కేంద్రం లేని ఉపరితలం వస్తోందని 1948 నాటికి రాశాడు. హెరాల్డ్ రోజెన్‌బర్గ్ 1952లో దీనికి భిన్నంగా, కాన్వాస్ ఒక బరి, దాని మీద మిగిలేది ఒక సంఘటన అన్నాడు. 'యాక్షన్ పెయింటింగ్' అన్న మాట అక్కడి నుంచే. ఒక్క రాత్రి కథకు రోజెన్‌బర్గ్ వ్యాఖ్యానం చక్కగా అతుకుతుంది, అందుకే ఆ కథ అంతకాలం బతికిందని నా అనుమానం. గెట్టీ ఫలితాల తర్వాత గ్రీన్‌బర్గ్ వైపు కాస్త మొగ్గు వచ్చింది: ఆవేశంతో మొదలైనా, బొమ్మ నిలబడేదాకా పొరల మీద పొరలు వేసిన చిత్రకారుడు అక్కడ కనిపిస్తున్నాడు. (ఈ గ్రీన్‌బర్గ్ 1967లో మన దేశానికీ వచ్చాడు, దిల్లీలో జరిగిన అమెరికన్ చిత్రకళా ప్రదర్శన సందర్భంగా.)

పొలాక్ మాత్రం 1947లో ఒక ఫెలోషిప్ కోసం పెట్టుకున్న దరఖాస్తులో తన మాట తాను చెప్పుకున్నాడు. ఈజిల్ బొమ్మకూ గోడబొమ్మకూ మధ్య నిలిచే, కదిలించడానికి వీలైన పెద్ద బొమ్మలు వేస్తాననీ, పెగ్గీ ఇంటికి వేసినదే అందుకు నమూనా అనీ రాశాడు. ధారల బొమ్మలు మొదలైంది ఆ ఏడాదే.

అయోవాకు ఎలా చేరింది, అమ్మాలన్న గొడవ ఏమిటి

1947లో పెగ్గీ న్యూయార్క్ వదిలి యూరప్ వెళ్లిపోయింది. ఇంత బొమ్మ ఎవరికివ్వాలి? చివరికి అయోవా విశ్వవిద్యాలయం పుచ్చుకుంది. 1951లో అక్కడికి చేరింది. విద్యార్థులు బొమ్మలు వేసుకునే స్టూడియోలోనే కొంతకాలం వేలాడింది. బరువైన రంగు వల్ల కాన్వాస్ సాగి వేలాడుతుంటే 1973లో వెనక మైనంతో మరో గుడ్డ అతికించారు. బొమ్మ గట్టిపడింది గానీ ఆ వంకర కూడా అలాగే గట్టిపడిపోయింది, రంగు పడని అంచులు ముందుకొచ్చి కనిపించేవి. గెట్టీ నిపుణులు బొమ్మను లాగి సరిచేసే ప్రయత్నం చేయలేదు. ఆ వంకరకు సరిపోయేలా వంపు తిరిగిన కొత్త చట్రం చేయించి, ఖాళీ అంచుల్ని పక్కలకు మళ్లించారు.

2008 జూన్‌లో అయోవా నదికి వరద వచ్చి మ్యూజియం భవనం మునిగింది. బొమ్మను ముందే తరలించారు. నష్టం లెక్కలు వేస్తున్న సమయంలో, దీన్ని అమ్మితే ఎంతొస్తుందన్న ప్రశ్న విశ్వవిద్యాలయ పాలకమండలిలో లేచింది. 140 మిలియన్ డాలర్లన్న అంచనా పత్రికల్లో నలిగింది. 2011లో రాష్ట్ర శాసనసభలో, అమ్మి విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇద్దామన్న ప్రతిపాదనే వచ్చింది. అమ్మాలన్నవాళ్ల వాదన తేలిగ్గా తీసేసేది కాదు: ప్రభుత్వ విశ్వవిద్యాలయం, ఫీజులు కట్టలేని పిల్లలు, చూపించడానికి చోటు కూడా లేని కోట్ల విలువైన ఆస్తి. వద్దన్నవాళ్లు నమ్మి ఇచ్చిన దానాన్ని సొమ్ము చేసుకుంటే ఇకపై ఎవరిస్తారన్నారు. కళాఖండాలు అమ్మిన డబ్బును ఇతర ఖర్చులకు వాడితే మ్యూజియానికి గుర్తింపు పోయే ప్రమాదం ఉందన్నారు. ఆ బిల్లు ముందుకు సాగలేదు.

గెట్టీ నుంచి బయటికొచ్చాక బొమ్మ వెనిస్, బెర్లిన్, మాలగా, లండన్, న్యూయార్క్ తిరిగింది. 2022 ఆగస్టులో అయోవా సిటీలో స్టాన్లీ మ్యూజియం కొత్త భవనం తెరుచుకోవడంతో మళ్లీ ఇల్లు చేరింది. షికాగో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు కారులో నాలుగు గంటల లోపు ప్రయాణం, ప్రవేశం ఉచితం. దగ్గరికి వెళ్తే ఆ తెలుపు రంగు కింద సగం మునిగిన పాత గీతలు మామూలు కంటికే కనిపిస్తాయి.